గీజర్ మార్చొచ్చు.. గోడలో పైపు మార్చగలమా?

కొత్త ఇంటికి టైల్స్ ఎంచుకోవడానికి వారం రోజులు షాపుల చుట్టూ తిరుగుతాం. గేటు డిజైన్ కోసం ఊరంతా చూసొస్తాం. వేడినీళ్ల పైపు ఏ రకం వెయ్యాలి, ఎటు నుంచి ఎటు తీసుకెళ్లాలి అన్నది మాత్రం ప్లంబర్ వచ్చిన రోజు పది నిమిషాల్లో తేల్చేస్తాం. టైల్స్ నచ్చకపోతే మీద చాప పరుచుకోవచ్చు. గీజర్ పాడైతే కొత్తది కొనుక్కోవచ్చు. గోడ లోపల పైపు కారితే మాత్రం ఆ టైల్సూ పగలగొట్టాలి, ఆ గోడా పగలగొట్టాలి. అందుకే ఇంట్లో కనిపించని ఈ వస్తువు గురించి కాస్త ఎక్కువ మాట్లాడుకుందాం.

కాగు పోయింది, పైపు వచ్చింది

అచ్చంపేట దాటి ఘాట్ ఎక్కి మన్ననూరు చేరగానే గాలి మారిపోతుంది. అక్కడి నుంచి అమ్రాబాద్ దాకా నల్లమల పీఠభూమే. ఎండాకాలం ఎండలు మామూలే కానీ, డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మిద్దె మీది ట్యాంకు నీళ్లలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోతాయి. మన దగ్గర గదుల్ని వేడి చేసుకునే అలవాటు లేదు. దుప్పటి, స్వెట్టరు, పొద్దున్నే బక్కెట్ వేడినీళ్లు.. మన చలికాలం ఏర్పాట్లు ఇవే.

ఆ వేడినీళ్లు పాత ఇళ్లలో పెరట్లోని మూడు రాళ్ల పొయ్యి మీద, కాగులో కాగేవి. అక్కడి నుంచి చెంబుతోనో, బక్కెట్‌తోనో మోసుకెళ్లేవాళ్లు. పైపు అన్న మాటే లేదు. ఇప్పుడు ఊళ్లలో కూడా బాత్రూం ఇంట్లోకి వచ్చింది. ఇందిరమ్మ ఇల్లు కట్టుకునేవాళ్లు సైతం, 400 చదరపు అడుగుల్లోనే బాత్రూం ఎక్కడ, గీజర్ పాయింట్ ఎక్కడ అని అడుగుతున్నారు. కాగు పోయి పైపు వచ్చింది. పైపుతో పాటు కొత్త చిక్కులూ వచ్చాయి.

అమ్రాబాద్‌లో మా అమ్మానాన్నల కోసం రెండు గదుల ఇల్లు కడుతున్నాం. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. బక్కెట్ మోసే పని, బక్కెట్లో హీటర్ రాడ్ పెట్టే పని రెండూ ఇంట్లో ఉండకూడదన్నది నా పంతం. రాడ్ ప్లగ్గు తియ్యకుండా నీళ్లు ఎంత వేడయ్యాయో చూద్దామని చెయ్యి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. అందుకే మిద్దె మీద 100 లీటర్ల సోలార్ వాటర్ హీటర్, మబ్బు పట్టిన రోజులకు బాత్రూంలో చిన్న గీజర్ పెట్టాలనుకున్నాం. గోడలు లేచాయి, స్లాబ్ పడింది. ఇక ప్లాస్టరింగ్‌కు ముందు పైపులు.

తమ్ముడింట్లో రేడియేటర్లు

సరిగ్గా అప్పుడే ఇంగ్లండ్‌లో ఉంటున్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడూ అక్కడ కొత్త ఇల్లు తీసుకుంటున్నాడు. “అక్కా, రేడియేటర్ల పైపులు నేలలోంచి పైకి రావాల్నా, గోడలోంచి రావాల్నా అని బిల్డర్ అడుగుతుండు. ఏం చెప్పాలె?” అన్నాడు. నవ్వొచ్చింది. ఐదు వేల మైళ్ల దూరంలో ఇద్దరం ఒకే ప్రశ్న ముందు నిలబడ్డాం.

రేడియేటర్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. చలి దేశాల్లో బాయిలర్ నీళ్లను వేడి చేస్తుంది. ఆ నీళ్లు పైపుల్లో తిరుగుతూ ప్రతి గదిలో గోడకు బిగించిన ఇనుప పలకలోకి వెళ్లి, గదికి వేడినిచ్చి, చల్లబడి వెనక్కి వస్తాయి. ప్రతి రేడియేటర్‌కూ రెండు పైపులు.. వచ్చేదొకటి, పోయేదొకటి. పైపులు నేలలోంచి లేస్తే ఎక్కడ ఏముందో కళ్ల ముందే ఉంటుంది, రిపేరు తేలిక. కానీ ఊడ్చినప్పుడు, తుడిచినప్పుడు అడ్డం. గోడలోంచి వస్తే చూడ్డానికి బాగుంటుంది, నేల ఖాళీగా ఉంటుంది. కాకపోతే రేపు ఫొటో ఫ్రేమ్ కోసం మేకు కొట్టేవాళ్లకు లోపల పైపు ఉందని గుర్తుండాలి.

వాళ్ల బిల్డర్ చెప్పిన ఒక మాట నాకు బాగా పనికొచ్చింది. గోడలోంచి తెచ్చేట్టయితే లోపల ఒకే అతుకులేని ప్లాస్టిక్ పైపు వేస్తారట. అతుకు పడేది రెండు చివర్లలో, చేతికి అందేచోట మాత్రమే. గోడ లోపల జాయింట్ ఉండకూడదు, తప్పనిసరైతే వీలైనన్ని తక్కువ. సూత్రం అంతే.

ఇంకో సంగతి. ఇంగ్లండ్‌లో 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, కొత్త ఇళ్లలో రేడియేటర్లకు వెళ్లే నీళ్లు 55 డిగ్రీలు మించనక్కర్లేకుండా ఏర్పాటు ఉండాలి. తక్కువ వేడితోనే గది వెచ్చబడాలంటే రేడియేటర్ పెద్దదవ్వాలి, పైపు సరిపడా లావుండాలి. అంటే బాయిలర్ కొనకముందే పైపు లెక్క తేలాలి. మన సోలార్ నీళ్ల సంగతీ అదే.

తెల్లగా ఉన్నవన్నీ ఒకటి కావు

మార్కెట్లో కనిపించే పైపులు నాలుగైదు రకాలు. పాతకాలం జీఐ పైపు ఇనుముది, జింకు పూత ఉంటుంది. వేడికి ఏమీ కాదు, దెబ్బకు ఆగుతుంది. సున్నం ఎక్కువున్న బోరు నీళ్లకు మాత్రం లోపల పొరలు కడుతుంది, కొన్నేళ్లకు తుప్పు పట్టి దారి సన్నబడుతుంది. తెల్లటి యూపీవీసీ చన్నీళ్లకు బంగారం. వేడినీళ్లకు పనికిరాదు. 45 డిగ్రీల దాకానే దాన్ని వాడాలి. సోలార్ నుంచి వచ్చే నీళ్లు మామూలు రోజుల్లోనే 60 డిగ్రీలు దాటతాయి. ఎండాకాలంలో నాలుగు రోజులు వాడకుండా వదిలేస్తే మరిగే దగ్గరికి వెళ్తాయి.

వేడినీళ్లకు మన ఊళ్లలో ఇప్పుడు ఎక్కువగా వాడేది సీపీవీసీ. చూడ్డానికి యూపీవీసీలాగే ఉంటుంది, కొంచెం పసుపు తిరిగిన తెలుపు. అందుకే రంగు చూసి కాదు, పైపు మీద అచ్చు చదివి కొనాలి. ఐఎస్ 15778 అని ఉంటే సీపీవీసీ. ఐఎస్ 4985 అని ఉంటే చన్నీళ్ల యూపీవీసీ. దాని పక్కనే ఎస్‌డీఆర్ 11 లేదా 13.5 అని ఉంటుంది. ఆ అంకె తగ్గేకొద్దీ పైపు గోడ మందం. ఎస్‌డీఆర్ 11 పైపు మామూలు నీళ్లకు చదరపు సెంటీమీటరుకు 28 కిలోల ఒత్తిడి తట్టుకుంటుంది. నీళ్లు 82 డిగ్రీలుంటే అదే పైపు 7 కిలోలకే. వేడి పెరిగితే ప్లాస్టిక్ బలం ఎంత పడిపోతుందో ఈ రెండు అంకెల్లోనే ఉంది. వేడి లైన్‌కు ఎస్‌డీఆర్ 11 తీసుకొమ్మనేది అందుకే.

అతికించే గమ్ము కూడా సీపీవీసీదే కావాలి. డబ్బాలో మిగిలిన యూపీవీసీ గమ్ముతో పని కానిచ్చేస్తే ఆరు నెలలు బాగానే ఉంటుంది, తర్వాత జాయింట్ వదిలేస్తుంది. నల్లా మరలకు జనుము దారం, సఫేదా చుట్టడం జీఐ పైపుల నాటి అలవాటు. సీపీవీసీకి టెఫ్లాన్ టేపు చాలు.

ఇంకా పీపీఆర్ ఉంది, వేడి చేసి అతికిస్తారు. లోపల అల్యూమినియం పొర ఉన్న కాంపోజిట్ పైపూ ఉంది, చుట్టగా వస్తుంది, అతుకులు తక్కువ. రెండూ మంచివే. మా ప్లంబర్‌ని అడిగితే ఒకే మాటన్నాడు. “అక్కా, మంచిదే. రేపు ఒక ఎల్బో పగిలితే హైదరాబాద్ పోయి తెస్తరా? అచ్చంపేటల దొరికేదే మనకు మంచి పైపు.” ఆ మాట కాదనలేకపోయాను. కాంపోజిట్ పైపు పట్నంలో ఎంత మంచిదైనా, దాని ఫిట్టింగు, దాన్ని బిగించే పనిముట్టు దగ్గర్లో లేకపోతే అమ్మానాన్నలకు అది భారమే. సీపీవీసీకే ఓటేశాం.

చన్నీళ్లు పోయేదాకా..

పైపు రకం తేలాక అసలు లెక్క మొదలైంది. మొదటి ప్లాన్‌లో సోలార్‌ను మిద్దె ముందువైపు పెట్టాలనుకున్నాం. అక్కడ ఎండ బాగుంటుంది. బాత్రూం, వంటిల్లు మాత్రం ఇంటి వెనక. మధ్యలో పైపు పొడవు 14 మీటర్లు.

ముప్పావు అంగుళం సీపీవీసీ పైపులో మీటరుకు దాదాపు పావు లీటరు నీళ్లు పడతాయి. 14 మీటర్లకు మూడున్నర లీటర్ల పైనే. పొద్దున నల్లా తిప్పితే ముందు వచ్చేది రాత్రంతా పైపులో చల్లబడిన ఆ మూడున్నర లీటర్లే. అది పోయాకే వేడినీళ్లు. నల్లా కట్టేశాక పైపులో మిగిలిన మూడున్నర లీటర్ల వేడినీళ్లు మళ్లీ చల్లబడతాయి. రోజుకు నాలుగుసార్లు వాడితే 14 లీటర్ల నీళ్లు వృథా, అంత నీటిలోని వేడీ వృథా.

ఈ లెక్క అమ్మకు చెప్తే, “చన్నీళ్లు పొయ్యేదాంక నల్లా ఇడిసిపెడితే ఎండకాలం బోరు ఏమైతది బిడ్డా?” అంది. ఏప్రిల్ వచ్చేసరికి బోరు కాసేపు పోసి కాసేపు ఆగే ఊళ్లో ఆ ప్రశ్న చిన్నది కాదు.

పైపు సన్నం చేస్తే? అర అంగుళం పైపులో మీటరుకు 120 మిల్లీలీటర్లే పడతాయి. వృథా సగానికి తగ్గుతుంది. కానీ మనవి మిద్దె ట్యాంకులు. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు దిగితేనే ఒక కిలో ఒత్తిడి. ఒక్క అంతస్తు ఇంట్లో ట్యాంకుకూ నల్లాకూ మధ్య మూడు, నాలుగు మీటర్లుంటే ఎక్కువ. అంటే పావు కిలో పైచిలుకు ఒత్తిడి. ఆ ఒత్తిడితో 14 మీటర్ల సన్నపు పైపులో నీళ్లు దారంలా వస్తాయి.

కాబట్టి మార్చాల్సింది పైపు లావు కాదు, దాని పొడవు. వెనకవైపు మిద్దె మీద, సరిగ్గా బాత్రూం పైన సోలార్ పెడితే? అక్కడ చింతచెట్టు నీడ ఉంటుందని అందరూ వద్దన్నారు. నీడ పడేది ఎప్పుడో, ఎంతసేపో చూద్దామని డిసెంబరులో ఒకరోజు పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా గంట గంటకూ మిద్దె మీద సుద్దముక్కతో గీతలు గీశాం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి నీడల లెక్క అప్పుడే తీసుకోవాలి. తొమ్మిదిన్నర తర్వాత నీడ తప్పుకుంది. అంతే, సోలార్ వెనక్కి వచ్చింది. 14 మీటర్ల పైపు 5 మీటర్లయింది. మూడున్నర లీటర్ల వృథా లీటరుంబావుకు దిగింది. బాత్రూం, వంటిల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి కాబట్టి నిలువునా ముప్పావు అంగుళం పైపు ఒక్కటే దింపి, అక్కడి నుంచి రెండు వైపులా అర అంగుళం పైపులు తీశాం. గోడలో పడే అతుకులూ తగ్గాయి.

ఇదే లెక్కలో ఇంకొకటి. వేడి, చల్లటి పైపులు రెండూ కలిసే మిక్సర్ నల్లా పెట్టుకుంటే, రెండూ ఒకే మిద్దె ట్యాంకు నుంచి రావాలి. చన్నీళ్లను నేరుగా భగీరథ లైన్ నుంచో, మోటారు లైన్ నుంచో ఇస్తే దాని ఒత్తిడి ఎక్కువై, వేడినీళ్లను వెనక్కి నెట్టేస్తుంది. “సోలార్ పనిచేస్తలేదు” అని కంపెనీకి ఫోన్ చేసే ఇళ్లలో కొన్నింటి జబ్బు సోలార్‌ది కాదు, ఈ కనెక్షన్‌ది. మామూలు సోలార్‌కు చన్నీళ్ల ట్యాంకు సోలార్ ట్యాంకు కన్నా ఎత్తులో ఉండాలి, ఆవిరి పోయే గొట్టం పైకి తెరిచి ఉండాలి. ఆ గొట్టంలోంచి నీళ్లు చిమ్ముతున్నాయని బిరడా కొట్టేస్తే ట్యాంకు ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. గీజర్‌కుండే సేఫ్టీ వాల్వ్ సంగతీ అంతే. అది చుక్కలు రాలుస్తోందంటే తన పని తాను చేస్తోందన్నమాట. దాన్ని మూయకూడదు.

మిద్దె మీద కోతులు

మన ప్లంబింగ్ పుస్తకాల్లో లేని ఒక ఇబ్బంది అమ్రాబాద్‌లో ఉంది. కోతులు. మిద్దె మీద బయటకు కనిపించే పైపు ఏదైనా వాటికి ఊయలే. పైపుకు చుట్టిన మెత్తటి స్పాంజిని ఒక్కరోజులో పీకిపారేస్తాయి. పైగా సీపీవీసీకి ఎండ పడదు, ఏళ్ల తరబడి నేరుగా ఎండ తగిలితే పెళుసెక్కుతుంది.

అందుకే మిద్దె మీద, సోలార్ ట్యాంకు నుంచి గోడలోకి దిగేదాకా జీఐ పైపు వేసి, గోడకు దగ్గర దగ్గరగా క్లాంపులు బిగించాం. ట్యాంకులోంచి అప్పుడే వచ్చే అతి వేడి నీళ్లను మొదటి రెండు మీటర్లు ఇనుమే మోస్తుంది. గోడలోకి వెళ్లేచోట ఇత్తడి మర ఉన్న ఫిట్టింగుతో సీపీవీసీకి మారాం. ఆ మర దగ్గర చిన్న చెక్క డబ్బా తలుపు పెట్టించాం. రేపు అక్కడ చెమ్మ కనిపిస్తే గోడ పగలగొట్టే పని లేదు.

ప్లాస్టిక్ పైపు వేడికి సాగుతుందన్నది చాలామంది పట్టించుకోని విషయం. 6 మీటర్ల సీపీవీసీ పైపులో నీళ్లు 40 డిగ్రీలు వేడెక్కితే పైపు దాదాపు సెంటీమీటరున్నర పొడుగవుతుంది. చల్లబడితే మళ్లీ కుంచించుకుపోతుంది. ప్రతిరోజూ ఇదే తంతు. అన్నివైపులా సిమెంటుతో బిగించేస్తే ఆ సాగుడంతా ఎల్బో మీద పడుతుంది. అందుకే వేడి పైపుకు సన్నటి స్పాంజి తొడుగు వేసి గోడలో పెట్టాం. సాగడానికి చోటు దొరుకుతుంది, నీటి వేడిని ఇటుక లాక్కోకుండానూ ఉంటుంది.

రేపటి మేస్త్రీ, ఇవాళ్టి పరీక్ష

పైపులు పూర్తయిన సాయంత్రం మేస్త్రీ వచ్చి, పొద్దున్నే ప్లాస్టరింగ్ మొదలుపెడతానన్నాడు. ఒత్తిడి పరీక్ష అయ్యాకే అన్నాను. ట్యాంకు నింపి చూశాం కదా, ఎక్కడా కారలేదు కదా అని ప్లంబర్. మిద్దె ట్యాంకు ఇచ్చే ఒత్తిడి పావు కిలో. దానికి కారకపోవడం పెద్ద పరీక్ష కాదు. గమ్ము ఆరడానికి ఒక రోజు ఆగి, నల్లా పాయింట్లన్నీ మూసి, మీటరున్న చేతి పంపుతో ఒత్తిడి ఎక్కించి చూడాలి. సగం పూట పని. మేస్త్రీకి ఒకరోజు కూలీ ఊరికే ఇవ్వాల్సొచ్చింది, ఇచ్చాం.

ఆరు కిలోలు ఎక్కించాం. పావుగంటలో ముల్లు నాలుగున్నరకు దిగింది. ప్లంబర్ ఏమీ అనలేదు. టార్చ్ తీసుకుని ఒక్కో జాయింట్ మీద వేళ్లతో తడుముకుంటూ వెళ్లాడు. గీజర్ పాయింట్ దగ్గర ఇత్తడి ఎల్బో మర పూర్తిగా ఎక్కలేదు, వెనక నుంచి చెమ్మ. విప్పి, టేపు మార్చి, మళ్లీ బిగించాడు. ఈసారి రెండు గంటలు ముల్లు కదల్లేదు. “గిది టైల్స్ ఏసినంక అయితే కథ వేరే ఉండు అక్కా” అన్నాడు తనే. నిజమే. ట్యాంకు ఒత్తిడికి ఆ చెమ్మ బయటికి కనిపించేదే కాదు. గోడ లోపలే ఊరి, రెండేళ్లకు అవతలి గదిలో సున్నం పెచ్చులై రాలేది. అప్పుడా ఇంట్లో ఉండేది ఇద్దరు ముసలివాళ్లు.

తమ్ముడు చివరికి రేడియేటర్ పైపులు గోడలోంచే తీయించుకున్నాడు. బిల్డర్‌ని వాడు అడిగిన ప్రశ్న ఒక్కటే.. “మూసే ముందు పరీక్ష ఎప్పుడు చేస్తారు? నేనూ వస్తా.”

గోడ మూసే ముందు చూసుకోండి

• పైపు మీద ఐఎస్ 15778, ఎస్‌డీఆర్ 11 అన్న అచ్చు ఉందా? ప్రతి పైపు మీదా చూడండి, కట్టలో ఒకదాని మీద కాదు.

• గమ్ము డబ్బా మీద సీపీవీసీ అని ఉందా? డబ్బా మూత తీసి ఎన్నాళ్లయింది? గట్టిపడితే పారేయండి.

• సోలార్ లేదా గీజర్ నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్న నల్లా దాకా టేపుతో కొలవండి. ముప్పావు అంగుళం పైపైతే ప్రతి నాలుగు మీటర్లకూ ఒక లీటరు వృథా అని లెక్క. దూరం మరీ ఎక్కువైతే వంటింటికి విడిగా చిన్న గీజర్ పెట్టుకోవడం మేలు.

• వేడి నల్లా ఎడమవైపు, చల్లది కుడివైపు. అన్ని గదుల్లో ఒకేలా ఉండాలి. పెద్దవాళ్లు, పిల్లలు చీకట్లో తడుముకున్నా చెయ్యి కాలకూడదు. 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తాయి. బక్కెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు.

• గ్యాస్ గీజర్ అయితే బాత్రూం లోపల పెట్టొద్దు. తలుపు మూసిన చిన్న గదిలో అది వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తెలిసేలోపే మనిషి పడిపోతాడు.

• గీజర్‌కు ఎర్తింగ్, ఇంటి బోర్డులో ఆర్‌సీసీబీ తప్పనిసరి.

• ఒత్తిడి పరీక్ష మీరు దగ్గరుండి చూడండి. ముల్లు కనీసం రెండు గంటలు నిలబడాలి.

• చివరగా, గోడకు టేపు ఆనించి ప్రతి పైపు ఎక్కడుందో ఫోన్లో ఫొటోలు తీయండి. వాటిని ప్రింట్ తీసి ఇంటి కాగితాలతో పాటు బీరువాలో పెట్టండి. ఎప్పుడో ఒకరోజు గోడకు మేకు కొట్టాల్సి వచ్చినప్పుడు, ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు మీరు రాసిపెట్టిన దారి అదే.